తెర మీది ఎరుపు కాగితం మీదికి రావాలంటే

గుడుపల్లెలో ఒకరు శ్రీకాళహస్తి కలంకారీ బొమ్మను ఫొటో తీసి, బెంగళూరులో ఫైన్ ఆర్ట్ ప్రింట్ వేయించుకోవాలనుకున్నారనుకుందాం. ఫైలు క్షణంలో వెళ్తుంది. ప్రింటు చేతికొచ్చాక చూస్తే ఎరుపు చచ్చిపోయి, బొమ్మంతా నల్లగా కమ్ముకుపోయి ఉంటుంది. చాలామంది ప్రింటరును తిడతారు. నన్నడిగితే ముందు తెర వెలుగును అనుమానించాలి.

తెర తనంతట తాను వెలుగుతుంది. కాగితం అలా కాదు, తన మీద పడిన వెలుతురులో సిరా మింగగా మిగిలిందే మన కంటికి పంపుతుంది. చాలా మానిటర్లలో వెలుగు పూర్తిగా పెంచితే 250 నిట్లు (తెర వెలుగుకు కొలత) దాటుతుంది. ప్రింటు పనికి 80 నుంచి 120 చాలు. తెర మరీ వెలుగుతుంటే బొమ్మను మనమే తెలియకుండా తగ్గించి దిద్దుతాం, ఆ తగ్గింపే కాగితం మీద చీకటిగా దిగుతుంది. తెర మీద ఖాళీ తెల్లపేజీ తెరిచి, పక్కన తెల్లకాగితం పట్టుకోండి. రెండూ ఇంచుమించు ఒకేలా కనబడేదాకా వెలుగు తగ్గించండి. ఫోనులోనైనా, కంప్యూటరులోనైనా నైట్ మోడ్ ఆపెయ్యాలి.

కలంకారీకి ఇంకో చిక్కుంది. గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన ద్రావణంలో తడిపి ఆరబెడతారు కాబట్టి దాని నేల తెల్లగా ఉండదు, లేత మీగడరంగులో ఉంటుంది. కెమెరాలోని ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ ఛాయను లోపమనుకుని తెలుపు వైపు లాగుతుంది. దాంతో మంజిష్ఠ ఎరుపులోని వెచ్చదనం పోతుంది, బెల్లం నీళ్లలో ఇనుము నానబెట్టి చేసిన నలుపుకు కూడా నీలిఛాయ వస్తుంది. మొదటి ఫొటోలో గుడ్డ పక్కన తటస్థ బూడిదరంగు గ్రే కార్డు పెట్టి, కెమెరా దిద్దని రా ఫైలులో తీస్తే తర్వాత దాన్నిబట్టి సరిచేసుకోవచ్చు. ఈ పని మానేస్తే ఎంత ఖరీదైన ప్రింటరైనా ఏమీ చేయలేదు.

ఫైలులో ఉండేవి అంకెలే. ఏ అంకె ఏ ఎరుపో చెప్పేది ప్రొఫైల్. దానికి ఉమ్మడి పద్ధతి కోసం 1993లో ఇంటర్నేషనల్ కలర్ కన్సార్టియం (ఐసీసీ) ఏర్పడింది. రంగుల పరిధుల్లో 1996లో వచ్చిన ఎస్‌ఆర్‌జీబీ కన్నా 1998 నాటి అడోబీ ఆర్‌జీబీలో ఆకుపచ్చలు ఎక్కువ పడతాయి. కలంకారీ రంగులు నెమ్మదైనవి గనుక ఎస్‌ఆర్‌జీబీ సాధారణంగా సరిపోతుంది. ప్రొఫైల్ మాత్రం ఫైలుకు అంటిపెట్టుకుని వెళ్లాలి.

కాగితం ఎంపికలో తొందరపడొద్దు. మెరుపు తెలుపు కోసం రసాయనాలు కలిపిన కాగితం మీద మీగడరంగు పాలిపోతుంది, అవి కలపని మ్యాట్ కాటన్ కాగితం అడగండి. ఆ కాగితానికీ ఆ ప్రింటరుకూ తయారుచేసిన ప్రొఫైల్ ల్యాబు వాళ్లనడిగి తెచ్చుకుని, ప్రింటు ఎలా వస్తుందో తెర మీదే చూపే సాఫ్ట్ ప్రూఫ్‌లో బొమ్మను చూసుకోవాలి. నలుపు కాస్త పలచబడినట్టు కనిపిస్తుంది, అది మ్యాట్ కాగితం గుణం.

పెద్ద ప్రింటుకు ముందు బొమ్మలో ఎరుపు, నలుపు, నేల మూడూ ఉన్న చిన్న ముక్క వేయించండి. ఒకరోజు ఆరనిచ్చి, ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర అసలు గుడ్డ పక్కన పెట్టి చూడండి. తర్వాత అది వేలాడబోయే గదిలో, ఆ గది లైటు కిందే మళ్లీ చూడండి. పగటి వెలుతురులో సరిపోయిన రంగులు ఎల్‌ఈడీ కింద విడిపోవచ్చు. అలా జరిగితే ఫైలును ముట్టుకోకుండా ముందు బల్బు మార్చి చూడండి.