టైమింగ్ బెల్టు మార్పిస్తున్నారా? బండి షెడ్లో పెట్టకముందే ధర మాట్లాడుకోండి

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో ఎన్నో ముస్లిం ఇళ్ళకు బండే రోజీ. వానను నమ్ముకుని బతకడం కష్టమైన ఈ సీమలో టమోటా, చీనీ కాయలు, శనక్కాయ, బక్రీద్ ముందు పొట్టేళ్ళు, ఏ కిరాయి దొరికితే అది వేసుకుని తిరిగే పాత టాటా ఏస్‌లు ప్రతి ఊళ్ళో కనిపిస్తాయి. 2005లో మార్కెట్లోకి వచ్చిన ఈ 'చోటా హాథీ' బళ్ళలో చాలావి ఇప్పటికి ఇద్దరు ముగ్గురు ఓనర్ల చేతులు మారాయి. వీటికి తప్పని ఖర్చుల్లో టైమింగ్ బెల్టు ఒకటి. దీనికి ఎంత ఇవ్వాలి అన్న దగ్గరే పేచీ వస్తుంది.

అసలు మీ బండికి ఈ బెల్టు ఉందా అనేది మొదట చూసుకోండి. లేలాండ్, టాటా పాత పెద్ద లారీల డీజిల్ ఇంజన్లలో ఈ పనిని ఇనుప గేర్లు చేస్తాయి, రబ్బరు బెల్టు ఉండదు. రెండు సిలిండర్ల పాత డీజిల్ ఏస్‌కు బెల్టు ఉంటుంది. మిగతా బళ్ళకైతే కంపెనీ ఇచ్చిన పుస్తకం చూడాలి. ఇంకో తికమక కూడా ఉంది. బయటికి కనిపిస్తూ ఆల్టర్నేటర్‌ను తిప్పేది ఫ్యాన్ బెల్టు, దాని ఖర్చు తక్కువ, పని కూడా తొందరగా అయిపోతుంది. టైమింగ్ బెల్టు కవర్ లోపల ఉంటుంది, లోపలి వైపు పళ్ళుంటాయి. బిల్లులో ఉత్త 'బెల్టు' అని రాస్తే ఏ బెల్టో అడగండి.

దీని పని ఏమిటంటే, కింద క్రాంక్ రెండు చుట్లు తిరిగితే పైన క్యామ్ సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో ఆ లెక్క మీదే నడుస్తుంది. బెల్టు తెగితే వాల్వులు ఎక్కడివక్కడ ఆగిపోతాయి, పిస్టన్ పైకొచ్చి వాటిని కొడుతుంది. వాల్వులు వంగితే హెడ్ దించాల్సిందే. అప్పుడు బెల్టు ఖర్చు పోయి ఇంజన్ పని ఖర్చు మీద పడుతుంది. పైగా బండి హైవే పక్కన లోడుతో ఆగిపోయినప్పుడు బేరం చేసే బలం మన దగ్గర ఉండదు. లాగించుకుపోయిన షెడ్డు చెప్పిందే ధర, టమోటా కుళ్ళితే ఆ నష్టమూ మనదే. అందుకే కిరాయిలు తక్కువ ఉన్న రోజుల్లో, బండి బాగా నడుస్తున్నప్పుడే ఈ పని పెట్టుకోవడం అన్నిటికన్నా పెద్ద పొదుపు.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. కిలోమీటర్లు, సంవత్సరాలు రెండూ రాసి ఉంటే ఏది ముందొస్తే అదే గడువు. పాత బళ్ళలో మీటరు పనిచేయడమే అరుదు కాబట్టి సంవత్సరాల లెక్కే నమ్మదగ్గది. రబ్బరు వాడకపోయినా పాతబడుతుంది. మన ఎండ, ఎర్రమట్టి దుమ్ము దానికి ఇంకా చేటు. సెకండ్ హ్యాండ్ బండి కొని, పాత ఓనరు బెల్టు మార్చిన చీటీ చూపించలేకపోతే మార్చలేదనే అనుకోండి.

ఇక ధర సంగతి. 'బెల్టు మార్చడానికి ఎంత?' అని అడిగితే సరైన జవాబు రాదు, ఎందుకంటే ఒక్కో షెడ్డు ఆ మాటకు ఒక్కో అర్థం తీసుకుంటుంది. ఒకరు 5,000 అన్నారు, ఇంకొకరు 3,500 అన్నారు అనుకుందాం (ఇవి లెక్క తెలియడానికి వేసుకున్న అంకెలు, మార్కెట్ రేట్లు కావు). రెండోది చవకగా కనిపిస్తుంది. కానీ మొదటి దాంట్లో బెల్టుతో పాటు టెన్షనర్, క్యామ్, క్రాంక్ ఆయిల్ సీళ్ళు ఉండి, రెండో దాంట్లో బెల్టు ఒక్కటే ఉంటే? టెన్షనర్ బేరింగ్ రేపు పట్టేస్తే కొత్త బెల్టు కూడా పోతుంది. సీలు కారి ఆయిల్ పడితే బెల్టు ఎక్కువ కాలం నిలవదు. రెండిటికీ మళ్ళీ అంతా విప్పాలి, మళ్ళీ అంత కూలీ ఇవ్వాలి. విప్పినప్పుడే ఇవి కూడా వేద్దామని ఉస్తాద్ అంటే అది దోపిడీ అనుకోవద్దు, చాలాసార్లు అది మంచి సలహానే.

కాబట్టి రెండు మూడు షెడ్లలో ఇలా అడగండి: "ఉస్తాద్, ఏస్ డీజిల్ బండి, ఫలానా మోడల్. టైమింగ్ బెల్టు, టెన్షనర్, సీళ్ళు మార్చాల. సామాను ఎంత, కూలీ ఎంత, గ్యారంటీ ఎన్ని నెలలు?" ఏస్‌లో ఇంజన్ సీటు కింద ఉంటుంది కాబట్టి పని గంటలు కూడా అడగండి. సామాను, కూలీ విడివిడిగా చెప్పనంటే ఇంకో షెడ్డు చూసుకోవడం మేలు.

సామాను ధర తేల్చుకోవడం సులువు, డబ్బా మీద ఎం.ఆర్.పి. ఉంటుంది. అది అన్ని పన్నులూ కలిపిన ధర. దాని మీద మళ్ళీ జీఎస్టీ కలపడం చట్టం ఒప్పుకోదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి విడిభాగాలన్నిటి మీదా జీఎస్టీ 18 శాతమే, కాబట్టి పాత 28 శాతం లెక్క వేస్తే అడగండి. ఎవరు జీఎస్టీ తీసుకున్నా నంబరుతో బిల్లు ఇవ్వాలి, రిజిస్ట్రేషన్ లేని చిన్న షెడ్డు ఆ పేరుతో డబ్బు తీసుకోకూడదు. డబ్బా లేకుండా విడిగా ఇచ్చే బెల్టు జోలికి పోవద్దు.

సామాను మేమే తెచ్చుకుంటాం అనేవాళ్ళు ఉన్నారు. మెకానిక్‌కు షాపు ఇచ్చే కమీషన్ మిగులుతుంది, నిజమే. కానీ బెల్టు పోతే 'మీరు తెచ్చిన సామానే' అని ఆయన, 'మీ బిగింపే' అని మీరు. సామాను ఎం.ఆర్.పి. దాటకుండా ఆయన్నే తెమ్మని, కూలీ సరిగ్గా ఇచ్చి, రెండిటికీ ఆయన్నే బాధ్యుణ్ణి చేయడం నా లెక్కలో మంచిది. ఎండలో ఇంజన్ కింద పడుకునే మనిషి కూలీని పిండటం కూడా న్యాయమైన ధర కాదు.

మన దగ్గర అసలు ఇబ్బంది వేరే ఉంది. బండి ఓనరు, ఉస్తాద్ ఒకే మొహల్లా, ఒకే మస్జిద్ వాళ్ళై ఉంటారు. 'మనోడే కదా భాయ్, డబ్బులదేముంది, తర్వాత చూద్దాం' అని పని మొదలవుతుంది. బిల్లు చూశాక సలాములు ఆగిపోతాయి. పని మొదలుకాకముందే ఉజ్రత్ ఎంతో ఇద్దరికీ తెలిసి ఉండాలని ఫిఖహ్ చెప్తుంది. అప్పు లావాదేవీ రాసిపెట్టుకోమనే ఆదేశం బకరా సూరా 282వ ఆయత్‌లో ఉంది, ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ అదే. ఉద్దెర మీద రిపేరు చేయించేవాళ్ళు మరీ గుర్తుంచుకోవాలి. వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టినా చాలు: సామాను ఇంత, కూలీ ఇంత, విప్పాక ఇంకేమైనా బయటపడితే ఫోన్ చేసి అడిగాకే చేయాలి.

పని జరిగేటప్పుడు వీలైతే దగ్గరుండండి. బెల్టు ఎక్కించాక ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, మార్కులు మళ్ళీ కలిశాయో లేదో చూసుకున్నాకే స్టార్ట్ చేయాలి. తీసేసిన బెల్టు, టెన్షనర్ మీకు ఇమ్మనండి. నిజంగా మారాయన్నదానికి అదే సాక్ష్యం.

పేచీ మాటలతో తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. కిరాయి బండి కదా, మాకు వర్తించదేమో అని చాలామంది వెనకాడతారు. 2019 చట్టం ప్రకారం స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే బండి పెట్టుకున్నవాళ్ళు వినియోగదారుల కిందికే వస్తారు. చెల్లించిన డబ్బు 5 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు, రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయాలి. అయితే అక్కడ మొదట అడిగేది బిల్లు. దాన్ని ఆర్సీ కాపీతో కలిపి ఇంట్లో పెట్టుకోండి, మార్చిన తేదీ మాత్రం డ్యాష్‌బోర్డు మీద స్టిక్కర్ వేసి రాసుకోండి.