స్టేటస్‌లో కనిపించని ఉపవాసం

దాచేపల్లి చుట్టుపక్కల ఫిబ్రవరి, మార్చి అంటే మిరప కోతలు. పొద్దున్నే ఆటోల నిండా కూలీలు చేలకు పోతారు. కల్లాల్లో ఎర్రగా కాయలు ఆరబోసి ఉంటాయి. సరిగ్గా ఇదే టైంలో పల్నాడు చర్చిల్లో శ్రమదినాలు మొదలవుతాయి. ఇంగ్లిష్‌లో లెంట్. కేథలిక్కులైతే తపస్సు కాలం అంటారు.

లెంట్ అనగానే ఫ్రెండ్స్ మధ్య వచ్చే మొదటి ప్రశ్న ‘ఈసారి ఏం మానేశావ్?’ ఒకరు చికెన్, ఒకరు టీ, ఇంకొకరు ఇన్‌స్టా. మానేసిన సంగతి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేవాళ్లూ ఉన్నారు. మరి అసలు ఈ 40 రోజులు దేనికి?

ముందు లెక్క చూద్దాం. విభూతి బుధవారం నుంచి ఈస్టర్ ముందు రోజు వరకు లెక్కేస్తే 46 రోజులొస్తాయి. అందులో 6 ఆదివారాలు తీసేస్తే 40. ఆదివారం యేసు పునరుత్థానాన్ని తలుచుకునే రోజు కాబట్టి దాన్ని ఉపవాసంలో కలపరు. ఈస్టర్ తేదీ పౌర్ణమిని బట్టి మారుతుంది కాబట్టి ఇదీ మారుతుంది. 2024లో విభూతి బుధవారం వాలెంటైన్స్ డే నాడే పడింది. 2026లో ఫిబ్రవరి 18న వచ్చింది. ఆ రోజు నుదుట పెట్టే బూడిదను, అంతకుముందు ఏడాది మట్టల ఆదివారం నాటి మట్టలు కాల్చి చేస్తారు.

మొదట్లో ఇది బాప్తిస్మానికి ప్రిపరేషన్. తొలి శతాబ్దాల్లో కొత్తగా చేరేవాళ్లు చాలాచోట్ల ఈస్టర్ రాత్రి బాప్తిస్మం తీసుకునేవారు. దానికి ముందు వారాల తరబడి పాఠాలు, ప్రార్థన, ఉపవాసం. వాళ్లకు తోడుగా పాత విశ్వాసులు కూడా ఉపవాసం ఉండేవాళ్లు. అంటే ఇది ఎవరికి వాళ్లు చేసే చాలెంజ్ కాదు, ఇంకొకరికి తోడుండటం.

పల్నాడులో ఈ మాటకు బరువెక్కువ. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చి, 1849లో దాచేపల్లికి దగ్గర్లోని గురజాలకు మకాం మార్చారు. ఆ తరువాతి దశాబ్దాల్లో ఇక్కడ బాప్తిస్మం తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. రెక్కాడితే గానీ డొక్కాడని మనుషులు. రేపు పని దొరుకుతుందో లేదో కూడా ఆలోచించుకుని వేయాల్సిన అడుగు అది.

మరి ఇవాళ ఎండలో రోజంతా కాయలు కోసే అక్క ఉపవాసం ఎలా ఉంటుంది? కేథలిక్ నియమం చూస్తే, ఉపవాసం తప్పనిసరి అయింది విభూతి బుధవారం, గుడ్ ఫ్రైడే రెండు రోజులే. అదీ 18 నుంచి 59 ఏళ్ల వాళ్లకు. ఆ రోజుల్లోనూ ఒక పూట కడుపునిండా తినొచ్చు. ఒంట్లో బాగాలేనివాళ్లకు మినహాయింపు ఉంది. పస్తులుండటమే అసలు విషయమైతే నియమం ఇంత మెత్తగా ఉండేది కాదు.

అసలు విషయం బైబిల్లో యెషయా గ్రంథం 58వ అధ్యాయంలో ఉంది. ‘మేం ఉపవాసం ఉంటే దేవుడు పట్టించుకోడేం?’ అని జనం అడుగుతారు. ఉపవాసం రోజున కూడా పనివాళ్లను పీడిస్తున్నారు కదా అన్నది జవాబు. ఆకలైనవాడికి అన్నం పెట్టడం, అణగారినవాళ్లను విడిపించడం, ఇదీ దేవుడికి కావాల్సిన ఉపవాసం. దీన్ని మిరప చేలో నిలబడి చదివితే అర్థం కాని మాట ఒక్కటీ ఉండదు. చికెన్ మానేసి, కోత కూలి మాత్రం వచ్చే వారం ఇస్తానంటే అది లెంట్ కాదు. సిటీలో మన ఇంటి పనావిడ జీతానికీ ఇదే లెక్క.

యేసు కూడా దానం, ప్రార్థన, ఉపవాసం మూడింటి గురించీ ఒకే మాట చెప్పాడు: నలుగురికీ కనిపించాలని చేయొద్దని. స్టేటస్ సంగతి అక్కడే తేలిపోయింది.

చివరి వారంలో గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీద యేసు పలికిన 7 మాటలపై ప్రసంగాలు సాగుతాయి. ఈస్టర్‌కి ముందే సమాధులకు సున్నం వేస్తారు, వేకువజామున కొవ్వొత్తులు వెలిగిస్తారు. పోయినవాళ్లు మళ్లీ లేస్తారన్న నమ్మకంతో అక్కడ నిలబడతారు. ఆ ఉదయానికి సిద్ధపడటమే లెంట్. ఈలోగా ఎవరికైనా ఇవ్వాల్సిన కూలి బాకీ ఉంటే, తీర్చేయడానికి 40 రోజుల టైం ఉంది.