గ్రుడ్డులో తల యెటు, తోక యెటు?

మాగిన అరటిపండ్లపై ముసరు చిన్న ఈగలను చూడనివా రుండరు. శాస్త్రజ్ఞులు వీనిని డ్రోసోఫిలా అందురు. ఈ ఈగ గ్రుడ్డు పొడవు అర మిల్లీమీటరు మాత్రమే. వెచ్చని స్థలమున సుమారు ఒక దినములో దానినుండి చిన్న పురుగు వెలువడును. దానికి ఒక కొనను తల, రెండవ కొనను తోక, నడుమ వరుసగా ఖండములు ఉండును.

ఇచట ఒక చిక్కుప్రశ్న కలదు. గ్రుడ్డులోని కేంద్రకము విభజన చెందగా పుట్టు ప్రతి కేంద్రకమునకును అవే జన్యువులు సంక్రమించును. అందరి చేతిలోను ఒకే పుస్తకమున్నపుడు, తలను కట్టవలసిన దెవరో, తోకను కట్టవలసిన దెవరో ఎట్లు తేలును?

గదిలో ఒక మూల అగరువత్తి వెలిగించితి మనుకొనుడు. కన్నులు మూసికొన్నవాడు సైతము వాసన ఘాటునుబట్టి వత్తి తనకు దగ్గరనున్నదో, దూరముననున్నదో చెప్పగలడు. గ్రుడ్డులోను ఇట్లే జరుగును. తల్లి ఈగ గ్రుడ్డును తయారుచేయునపుడే దాని ముందుకొనయందు 'బైకాయిడ్' అను జన్యువుయొక్క సందేశమును ఆర్.ఎన్.ఎ. రూపమున నిలువచేయును. గ్రుడ్డు పెట్టిన పిమ్మట ఆ సందేశమునుండి బైకాయిడ్ ప్రొటీను తయారై వెనుకకు వ్యాపించును. మొదటి 13 విభజనలవరకు కేంద్రకముల నడుమ గోడలు లేవు గనుక దానికి అడ్డులేదు. ముందు దాని గాఢత హెచ్చు. వెనుకకు పోవుకొలది తగ్గును. ఈ గాఢతయే ప్రతి కేంద్రకమునకు తన చోటు తెలుపును.

దీనికి రుజువేమి? ఈ జన్యువుయొక్క రెండు ప్రతులును చెడిన తల్లి పెట్టిన గ్రుడ్లలో తలయు, ఱొమ్మును ఏర్పడవు. మంచి గ్రుడ్డు ముందుకొననుండి తీసిన ద్రవమును అట్టి గ్రుడ్డు నడుమ సూదితో ఎక్కించినచో, తలభాగములు నడుమనే ఏర్పడును!

తరువాతి పని మెట్లుమెట్లుగా సాగును. బైకాయిడ్ గాఢతనుబట్టి 'హంచ్‌బాక్' మొదలగు జన్యువులు మేల్కొని వెడల్పైన పట్టీలు ఏర్పడును. అవి వేరు జన్యువులను నడపగా 7 సన్నని చారలు తేలును. వీనినుండి 14 ఖండముల హద్దులు వచ్చును. ఇంతలో కణముల నడుమ గోడలు లేచును. అటుపిమ్మట పొరుగు కణములు 'వింగ్‌లెస్', 'హెడ్జ్‌హాగ్' అను ప్రొటీనులను ఒండొంటికి పంపుకొని ఆ హద్దులను స్థిరపరచును.

ఏ ఖండమున రెక్క, ఏ ఖండమున కాలు అనుదానిని హాక్స్ జన్యువులు నిర్ణయించును. మామూలు ఈగకు రెండే రెక్కలు. ఈ జన్యువులలోని మార్పులను కలిపి అమెరికాలో ఎడ్వర్డ్ లూయిస్ నాలుగు రెక్కల ఈగను పుట్టించెను. ఖండముల నేర్పరచు జన్యువులను జర్మనీలోని హైడెల్‌బర్గునందు క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్హార్డ్, ఎరిక్ వీషౌస్ వెదకి 1980లో ప్రకటించిరి. ఈ ముగ్గురికిని 1995లో నోబెల్ బహుమానము లభించెను.

ఈగ సంగతి మనకేల అని విద్యార్థి అడుగవచ్చును. హాక్స్, హెడ్జ్‌హాగ్ జన్యువులకు సరివచ్చునవి మనుష్యునియందును కలవు. గర్భములో హెడ్జ్‌హాగ్ సందేశము కొరవడినచో శిశువు మెదడు రెండు అర్ధభాగములుగా సరిగా విడివడకపోవచ్చును. పెద్దవారిలో అది ఆగక సాగినచో ఒక విధమగు చర్మపు క్యాన్సరు కలుగును. ఆ సందేశమును అడ్డగించు మందు అమెరికాలో 2012లో వాడుకకు వచ్చెను. ఈగ గ్రుడ్డులో వెదకినది మనుష్యుని చికిత్సకు దారిచూపినది.