క్యాన్సర్ రోగులలో నిస్సత్తువ: ఔషధేతర ఉపశమన మార్గాలు

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'అలసట' సాధారణంగా శ్రమను అనుసరించి వచ్చే స్థితి. పనిచేసినవారు అలసిపోతారు, విశ్రమిస్తే తేరుకుంటారు. క్యాన్సర్ రోగులను వేధించే స్థితి దీనికి భిన్నమైనది. అది చేసిన పనికి పొంతన లేకుండా వస్తుంది. నిద్రించి లేచినా తీరదు. శరీరంతోపాటు మనస్సును, ఏకాగ్రతను కుంగదీస్తుంది. చికిత్స ముగిశాక కూడా కొందరిలో ఏళ్ల తరబడి కొనసాగుతుంది. శ్రమను కారణంగా సూచించని 'నిస్సత్తువ' అనే పదం దీనికి మరింత తగినది. ఈ పదభేదానికి ఆచరణలో ప్రాధాన్యం ఉంది. దీనిని అలసటగా భావించిన కుటుంబం రోగిని మంచం దిగనివ్వదు. కదలిక లేక కండరాలు బలహీనపడి నిస్సత్తువ ఇంకా పెరుగుతుంది.

2. వ్యాయామం

2017లో 'జామా ఆంకాలజీ' పత్రికలో వెలువడిన మెటా విశ్లేషణ 113 అధ్యయనాలను పరిశీలించి, వ్యాయామం, మానసిక చికిత్సలు ఔషధాలకంటే మెరుగైన ఫలితమిచ్చాయని తేల్చింది. వారానికి 3 సార్లు, 30 నిమిషాల చొప్పున, ఒక మోస్తరు తీవ్రతతో నడక వంటి వ్యాయామాన్ని కనీసం 12 వారాలు చేయడం మేలని 2019లో అంతర్జాతీయ నిపుణుల బృందం సూచించింది. బలహీనంగా ఉన్నవారు కొద్ది నిమిషాలతో ఆరంభించి క్రమంగా పెంచుకోవచ్చు.

3. మానసిక పద్ధతులు, దినచర్య

'కదిలితే జబ్బు ముదురుతుంది' వంటి నమ్మకాలను రోగి స్వయంగా పరీక్షించుకొని, నిద్రను, దినచర్యను క్రమబద్ధం చేసుకునేలా కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ తోడ్పడుతుంది. అమెరికాలోని క్యాన్సర్ వైద్యుల సంఘం 2024లో సవరించిన మార్గదర్శకాలు వ్యాయామంతోపాటు ఈ చికిత్సను, మైండ్‌ఫుల్‌నెస్ సాధనను సిఫారసు చేశాయి. చికిత్స ముగిసినవారికి యోగాను కూడా సూచించాయి. ముఖ్యమైన పనులను ఓపిక ఉన్న వేళకు కేటాయించుకొని, మిగిలినవి ఇతరులకు అప్పగించడం మరొక మార్గం.

4. జాగ్రత్తలు

రక్తహీనత, థైరాయిడ్ లోపం, నొప్పి, నిద్రలేమి, మానసిక కుంగుబాటు నిస్సత్తువకు కారణాలు కావచ్చు. ముందుగా వాటిని గుర్తించి చికిత్స చేయాలి. క్యాన్సర్ ఎముకలకు వ్యాపించినవారు, రక్తకణాలు బాగా తగ్గినవారు వైద్యుల సలహాతోనే వ్యాయామం చేయాలి.

5. ముగింపు

'నీరసంగా ఉంది' అనే మాట ఇళ్లలో చాలా సాధారణం కనుక దానిని వైద్యుల దృష్టికి తీసుకువెళ్లాలని రోగికి తోచకపోవచ్చు. నిస్సత్తువ ఎంత ఉందో 0 నుంచి 10 వరకు అంకెలలో చెప్పమని వైద్య సిబ్బంది ప్రతి సందర్శనలో అడిగితే ఆ మౌనం తొలగుతుంది. విశ్రాంతి అవసరమే, కానీ ఈ స్థితికి అదొక్కటే చికిత్స కాదని రోగికి, కుటుంబానికి తెలుగులో తెలియజెప్పడం ఉపశమనానికి తొలిమెట్టు.