ఒంటి కంటి కార్టూనిస్టు, ఒక స్వెంగాలీ

1895 నవంబరులో లండన్ ‘పంచ్’ పత్రికలో ఒక కార్టూన్ వచ్చింది. బిషప్పుగారింట్లో పొద్దున్నే టిఫిన్ నడుస్తోంది. అతిథిగా వచ్చిన కుర్ర పాదిరీ పళ్లెంలో మురిగిన గుడ్డు పడింది. బిషప్పే అది గమనించి అయ్యో అంటాడు. పెద్దాయన్ని నొప్పించలేని పాదిరీ మాత్రం, అబ్బే, ఇందులో కొన్ని భాగాలు దివ్యంగా ఉన్నాయని చెబుతాడు. మురిగిన గుడ్డులో మంచి భాగం ఎక్కడుంటుంది! ‘క్యూరేట్స్ ఎగ్’ అంటూ ఇంగ్లీషువాళ్లు ఈ సంగతిని ఇప్పటికీ తలుచుకుంటూనే ఉంటారు.

గీసినాయన జార్జ్ డు మోరియే. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. బొమ్మలకంటే నవలల వల్లే ఎక్కువ పేరొచ్చిన రోజులవి.

1834లో పారిస్‌లో పుట్టాడు. తండ్రి ఫ్రెంచివాడు, తల్లి ఇంగ్లీషావిడ. తండ్రి కోరిక మీద లండన్‌లో కెమిస్ట్రీ చదివాడు గానీ మనసు దానిమీద లేదు. తండ్రి పోయాక పారిస్ వెళ్లి గ్లేర్ అనే చిత్రకారుడి దగ్గర చేరాడు. ఆ తర్వాత యాంట్‌వర్ప్. అక్కడ 1857లో ఒకరోజు మోడల్‌ని చూసి బొమ్మ గీస్తుంటే ఆమె తల ఉన్నట్టుండి అక్రోటు కాయంత చిన్నదైపోయినట్టు కనిపించింది. ఒక కన్ను మూసి, మరొకటి మూసి చూసుకున్నాడు. ఎడమ కన్ను పోయింది. రెండోదీ పోతుందన్న భయం ఆయన్ని బతికినన్నాళ్లూ వదల్లేదు.

ఆయిల్ పెయింటింగ్ ఆశ అలా ముగిసింది. మిగిలింది పత్రికల్లో నలుపు తెలుపు బొమ్మల పని. అప్పట్లో బొమ్మను చెక్క దిమ్మె మీద గీస్తే, దాన్ని చెక్కి అచ్చుకు సిద్ధం చేసేవాళ్లు వేరే ఉండేవారు. కార్టూనిస్టు జాన్ లీచ్ 1864లో చనిపోయాక ‘పంచ్’లో ఆయన స్థానం డు మోరియేకి దక్కింది.

ఆయన కార్టూన్లలో బొమ్మ సగమే. కింద నాటకంలోలా పాత్రల పేర్లు, వాళ్ల సంభాషణ ఉంటాయి. కొత్తగా డబ్బు చేసిన సర్ గోర్జియస్ మైడాస్, అందమైన టీపాట్ స్థాయికి తగ్గట్టు బతకాలని ఒట్టేసుకునే కళాపిపాసుల జంట, ఇలాంటివాళ్లు తమ మాటలతోనే దొరికిపోతారు. 1878 చివర్లో వచ్చిన ఒక బొమ్మలో లండన్ తల్లిదండ్రులు గోడమీది తెరలో సిలోన్‌లో ఉన్న కూతుర్ని చూస్తూ తీగమీద కబుర్లాడుతుంటారు. అమెరికాలో పిల్లలున్న మన ఇళ్లలో రోజూ జరిగే తంతే!

పాతికేళ్లపాటు ఇలా సంభాషణలు రాసినవాడికి నవల కొత్త విద్యేమీ కాదు. ఆ సంగతి ఆయనకు తెలియలేదంతే. 1889లో తనకు తట్టిన ఒక కథను మిత్రుడు, నవలాకారుడు హెన్రీ జేమ్స్‌కు చెప్పి, మీరు రాయండన్నాడు. జేమ్స్ ఆ కథ తీసుకోలేదు, నువ్వే రాయమన్నాడు. ముందు ‘పీటర్ ఇబెట్సన్’ వచ్చింది. జేమ్స్‌కు చెప్పిన కథ 1894లో ‘హార్పర్స్’ పత్రికలో ‘ట్రిల్బీ’గా, ఆయన సొంత బొమ్మలతోనే సీరియల్ అయింది.

ట్రిల్బీ పారిస్‌లో మోడల్‌గా పనిచేసే పిల్ల. గొంతు బంగారం, శ్రుతిజ్ఞానం సున్నా. స్వెంగాలీ అనే సంగీతకారుడు హిప్నటిజంతో ఆమెను మహాగాయనిని చేస్తాడు. అతను కుప్పకూలిన రోజున ఆమె పాటా పోతుంది. అమెరికా, ఇంగ్లండు ఊగిపోయాయి. నాటకాలొచ్చాయి, ట్రిల్బీ పేరుతో టోపీ వచ్చింది. డు మోరియే మాత్రం ముందే 2000 పౌండ్లకు హక్కులు ఇచ్చేశాడు. తర్వాత ప్రచురణకర్తలే తమంతట తాము రాయల్టీ ఇచ్చారు. గ్లేర్ స్టూడియో నాటి పాత మిత్రుడు, చిత్రకారుడు విస్లర్, ఒక పాత్ర తనమీద వెక్కిరింపేనని గొడవకు దిగితే పుస్తకంలో దాన్ని తీసేశారు.

స్వెంగాలీని మాత్రం ఎవరూ తీసేయలేదు. అతను యూదుడు. మురికివాడు, పిరికివాడు, ఇతరుల్ని వాడుకునేవాడు. కార్టూనిస్టుకు మనిషి అంటే ముందు ఒక రకం: ఆ ముక్కు, ఆ టోపీ, ఆ యాస చాలు, పాఠకుడు పోల్చుకుంటాడు. నాలుగు పంక్తుల జోకులో అది చెల్లుతుందేమో గానీ, అన్నేసి పేజీల నవలలో ఒక జాతిమీద ద్వేషమే అయింది. ఆ పాత్ర కింద డు మోరియే పేరు వేరే రాయనక్కర్లేదు, అది ‘పంచ్’ గీతే.

1896 అక్టోబరులో ఆయన చనిపోయాడు. ‘ద మార్షియన్’ అనే మూడో నవల అప్పటికి ‘హార్పర్స్’లో మొదలైంది. అందులోని కథానాయకుడికీ ఒక కన్ను పోతుంది.