కాలేయ రోగికి పస్తు పథ్యం కాదు

తొలి ఏకాదశికి ముందు, కార్తీక సోమవారాలకు ముందు ఏటా కొందరు గృహిణులు నన్ను ఒకే సందేహం అడుగుతూ ఉంటారు. “మావారికి కాలేయం చెడిందన్నారండీ. ఉపవాసముంటే లోపల విశ్రాంతి కలుగుతుంది కదా, ఉండమంటారా?” అని. అడిగేవారిలో బందరు వారూ, గుడివాడ వారూ, దివిసీమలో అవనిగడ్డ, కోడూరు ప్రాంతాల వారూ ఉన్నారు. నేను వైద్యుణ్ణి కాను. సంస్కృతం చదువుకొని, నలుగురికి చెప్పినవాణ్ణి. అయినా ఈ విషయంలో ధర్మశాస్త్రం, ప్రాచీన వైద్యం, నేటి వైద్యం మూడూ ఒకే మాట చెబుతున్నవి కనుక, ఆ మాట ఇక్కడ కొంచెం విస్తరించి వ్రాస్తున్నాను. దీర్ఘకాలిక కాలేయ వ్యాధి గలవారు ఉపవాసం ఉండరాదు. పైగా ఆరోగ్యవంతునికంటే శ్రద్ధగా, ఎక్కువసార్లు భుజించాలి.

మద్యపానం, హెపటైటిస్ బి, సి అనే సూక్ష్మక్రిములు, మధుమేహంతోను స్థూలకాయంతోను కలిసి వచ్చే కొవ్వు—వీటిలో ఏదైనా ఏండ్ల తరబడి కాలేయాన్ని గాయపరచవచ్చు. గాయం మానినచోటల్లా మచ్చ కడుతుంది. మచ్చలు పెరిగి అవయవమంతా గట్టిపడిన దశను సిర్రోసిస్ అంటారు. జీవితంలో మద్యం ముట్టనివారికి కూడ ఇది వస్తుంది. ఈ సంగతి తెలియక, లోకం ఏమనుకుంటుందోనన్న బిడియంతో, వ్యాధిని దాచి ఇంట్లోనే పథ్యం పెట్టే కుటుంబాలు మన ప్రాంతంలో తక్కువేమీ కాదు. ఆ పథ్యమైనా ఏమిటి? మెత్తని అన్నం, పలుచని మజ్జిగ. పప్పు వద్దు, నూనె వద్దు, పెరుగు వద్దు. కామెర్లు వచ్చిన నాలుగు రోజులకని పెట్టిన ఈ నియమం నెలల తరబడి సాగుతుంది. మనిషి ఇంట్లోవారి కళ్లముందే ఎండిపోతాడు. వారు మాత్రం రోగం ముదిరిందనుకుంటారు.

అన్నం తగ్గితే ఏమవుతుందో చూద్దాం. కాలేయం శరీరానికి గాదె వంటిది. పగలు తిన్న ఆహారంలో మిగిలిన చక్కెరను గ్లైకోజెన్ అనే రూపంలో నిలువచేసి, రాత్రి నిద్రపోయేటప్పుడు కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది. సిర్రోసిస్ రోగికి ఈ గాదె చిన్నదైపోతుంది, తెల్లవారకముందే అడుగంటుతుంది. మెదడుకు చక్కెర కావలసిందే కనుక శరీరం తన కండరాలనే కరిగించి దానిని తయారుచేసుకుంటుంది. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగర వైద్యులు 1980ల ఆరంభంలో దీనిని కొలిచి చూపారు. ఆరోగ్యవంతుడు రెండు మూడు రోజులు పస్తుంటే ఏ స్థితికి వస్తాడో, సిర్రోసిస్ రోగి ఒక్క రాత్రి గడిచేసరికే ఆ స్థితికి వస్తాడు. ఇక కార్తీక సోమవారం సంగతి ఆలోచించండి. ఆదివారం రాత్రి 8 గంటలకు భుజించినవాడు మరునాడు నక్షత్ర దర్శనమయ్యేవరకు ఆగితే దాదాపు 22 గంటలు. అది ఆ రోగికి ఒక పూట ఉపవాసం కాదు, అనేక దినాల నిరశనవ్రతం.

కండరం పోతే బలం ఒక్కటే కాదు పోయేది. ఆహారంలోని మాంసకృత్తులు జీర్ణమయ్యేటప్పుడు అమ్మోనియా అనే విషం పుడుతుంది. దానిని నిర్విషం చేసే పని ప్రధానంగా కాలేయానిది. కాలేయం అశక్తమైనప్పుడు ఆ పనిలో కొంత భాగాన్ని కండరాలు తలకెత్తుకుంటాయి. కండ కరిగినకొద్దీ అమ్మోనియా రక్తంలో నిలిచి మెదడుకు చేరుతుంది. అప్పుడు పగలు మగత, రాత్రి మెలకువ, చేతుల వణుకు, మాట తడబాటు, మనుషులను పోల్చుకోలేకపోవడం కనిపిస్తాయి. విషం మాంసకృత్తుల నుంచి పుడుతుంది కాబట్టి వాటిని మానిపించాలని వైద్యులే ఒకప్పుడు దశాబ్దాలపాటు భావించారు. మన ఇళ్లలో పప్పు మానిపించే అలవాటుకు ఆనాటి సలహాలు కూడ కొంత బలమిచ్చి ఉండవచ్చు. స్పెయిన్ దేశంలోని బార్సెలోనా వైద్యులు 2004లో ప్రకటించిన పరిశీలనలో, అలా మానిపించినవారికి మేలేమీ జరగలేదు సరికదా, శరీరంలోని మాంసకృత్తుల క్షయం హెచ్చింది. మన దేశంలోనే ఢిల్లీలోని గోవింద వల్లభ పంత్ ఆసుపత్రి వైద్యులు 120 మంది సిర్రోసిస్ రోగులతో పరీక్ష జరిపి 2016లో ప్రకటించారు. ఆరు నెలలపాటు శాకాహారపు మాంసకృత్తులతో పుష్టిగా భోజనం చేసినవారికి బుద్ధిమాంద్యం తగ్గింది, ఆరోగ్యం మెరుగుపడింది. శాకాహార కుటుంబాలకు ఇది ఎంతో ధైర్యమిచ్చే విషయం.

మనిషి క్షీణిస్తున్నాడా లేదా అని తెలుసుకోవడానికి త్రాసును నమ్మరాదు. జలోదరంతో పొట్టలో నీరు చేరినప్పుడు బరువు తగ్గదు, ఒక్కొక్కప్పుడు పెరుగుతుంది కూడ. కణతలు, బుజాలు, తొడలు చూడండి. చేతి గడియారం వదులైందా? చేతులానించకుండా కుర్చీలోంచి వరుసగా 5 సార్లు లేవగలుగుతున్నాడా? శాన్ ఫ్రాన్సిస్కో వైద్యులు 2017లో రూపొందించిన దౌర్బల్య సూచికలో ఉన్నవి మూడే పరీక్షలు: పిడికిలి పట్టు, కుర్చీలోంచి లేవడం, పాదాలను మూడు విధాలుగా ఉంచి ఒక్కొక్క దానిలో 10 సెకన్లు తూలకుండా నిలబడడం. రక్తపరీక్షలు చెప్పని ప్రమాదాన్ని ఇవి చెబుతున్నాయట. నిరుడు గుడిమెట్లు అవలీలగా ఎక్కినవాడు ఈ ఏడు గోడ పట్టుకొని ఎక్కుతున్నాడంటే వైద్యునికి చెప్పవలసిన సమాచారం అదే.

ఇది పడమటివారు నిన్న మొన్న కనిపెట్టిన క్రొత్త మాటేమీ కాదు. చరకసంహిత సూత్రస్థానంలో లంఘనానికి, బృంహణానికి—అంటే తేలికపరచడానికి, పుష్టినివ్వడానికి—ఒక అధ్యాయమే ఉన్నది. క్షీణించినవారు, కృశించినవారు, వృద్ధులు, దుర్బలులు అక్కడ పుష్టినివ్వదగినవారిలో లెక్కింపబడ్డారు. చికిత్సాస్థానంలోని ఉదరరోగ ప్రకరణం ఇంకా స్పష్టంగా ఉంటుంది. పొట్టలోని నీటిని తీసినవానికి ఉప్పు లేని పేయతో మొదలుపెట్టి, ఆరు నెలలు పాలే ఆహారంగా ఇమ్మంటుంది. తరువాత మూడు నెలలు పాలతో జావ, మరి మూడు నెలలు పాలతో చామలో అరికెలో ఉప్పు లేకుండా. ఆ క్రమాన్ని నేడు యథాతథంగా అనుసరించమని నేను చెప్పను, వైద్యులూ చెప్పరు. కాని ఆ మహర్షి తగ్గించినది ఉప్పునే గాని పాలను కాదని గమనించండి. మనం నేడు చేస్తున్నది తలక్రిందులు: పాలూ పప్పూ మాన్పించి, నోటికి రుచి లేదని ఊరగాయ వడ్డిస్తున్నాము.

ఎంత తినాలి? ఐరోపా కాలేయ వైద్యులు 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం, స్థూలకాయం లేని రోగికి కిలో బరువుకు రోజుకు 35 కేలరీలకు తగ్గని ఆహారం, 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. నీరు తీసివేసిన అసలు బరువు 60 కిలోలు అనుకుంటే, 2,100 కేలరీలు, 72 నుంచి 90 గ్రాముల మాంసకృత్తులు. ఇవి మన వంటింట్లోనే దొరుకుతాయి. 300 గ్రాముల బియ్యంలో సుమారు 21 గ్రాములు, 80 గ్రాముల కంది లేక పెసరపప్పులో 18, పాలూ పెరుగూ కలిపి ముప్పాతిక లీటరులో 25, గుప్పెడు వేయించిన శనగల్లో 10 గ్రాములు ఉంటాయి. మొత్తం 74. వరికోతల వేళ మాగాణుల్లో మినుము, పెసర చల్లుకునే కృష్ణా డెల్టాలో పప్పుకు కొరత ఏమున్నది! గుడ్లు, చేపలు తినే ఇళ్లవారు అవి మానవలసిన పని లేదు. తాజా చేప మంచిదే, ఉప్పుచేప మాత్రం తగదు. మధుమేహం, మూత్రపిండాల వ్యాధి కూడ ఉన్నవారికి ఈ లెక్క మారుతుంది కనుక వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి.

ఒకేసారి ఇంత తినడం రోగికి సాధ్యం కాదు. నీరు చేరిన పొట్టలో చోటుండదు. అందుచేత రోజుకు 5, 6 సార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. పగటిపూట మూడు నాలుగు గంటలకు మించి వ్యవధి ఉండరాదు. లేవగానే ఏదో ఒకటి తినాలి. అన్నింటికంటే ముఖ్యమైనది పడుకోబోయేముందు తినే ఆహారం. జపాన్ వైద్యులు దీనికి సుమారు 200 కేలరీల అన్నపు ముద్దను వాడి చూశారు. న్యూజీలాండ్‌లోని ఆక్లండ్ వైద్యులు 2008లో ప్రకటించిన పరిశీలన మరింత విశేషమైనది. ఒకే పోషకాహారాన్ని కొందరికి పగలు, కొందరికి రాత్రి ఇచ్చారు. ఏడాది గడిచేసరికి రాత్రి తీసుకున్నవారికే సుమారు 2 కిలోల కండ చేరింది, పగటివారికి చేరలేదు. మన ఇంట్లో అయితే రాత్రి పదింటికి ఒక గ్లాసు పాలు, అరటిపండు, కొన్ని వేయించిన శనగలు. లేదా చిన్న గిన్నెడు పెరుగన్నం. రాత్రి పెరుగు పనికిరాదని పెద్దలు అంటే, పాలన్నం పెట్టండి, తగాదా ఎందుకు?

ఉప్పు విషయం. జలోదరమున్నవారికి రోజంతటికీ సుమారు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు పరిమితి. ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు, ఊరమిరపకాయలు విస్తట్లోకి వస్తే ఆ పరిమితి మధ్యాహ్నానికే దాటిపోతుంది. వ్రతాలలో వాడే సైంధవ లవణం ఉప్పు కాదని కొందరు అనుకుంటారు. దానిలోనూ ఉండేది అదే సోడియం. బజారులో దొరికే “తక్కువ సోడియం” ఉప్పులో పొటాషియం ఉంటుంది, వైద్యుని అడగకుండా వాడితే ప్రమాదం. నిమ్మరసం, అల్లం, జీలకర్ర, మిరియాలు, కరివేపాకు, కొత్తిమీరలతో రుచి పుట్టించవచ్చు. అయితే చప్పిడి తిండి సహించక రోగి అసలు తినడమే మానేస్తుంటే, ఉప్పుకంటే ఆకలే పెద్ద శత్రువు. అప్పుడు కాస్త సడలించాలని ఆ సూచనలలోనే ఉన్నది.

మరి వ్రతం మాటేమిటి? నీరు, పాలు, పండ్లు, ఔషధం, గురువు మాట మొదలైన ఎనిమిదింటి వలన వ్రతభంగం కలగదని ధర్మశాస్త్రం చెబుతున్నది. ఈ రోగికి రాత్రి తాగే పాలు రెండు విధాలా చెల్లుతాయి—పాలుగాను, మందుగాను. అశక్తుని బదులు భార్య, కుమారుడు, సోదరుడు మొదలైనవారు ప్రతినిధిగా వ్రతం ఆచరించడానికి కూడ అనుమతి ఉన్నది. చిలకలపూడి పాండురంగని ఉత్సవాలకైనా, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని దర్శనానికైనా బయలుదేరే రోగి చేతిసంచిలో తినుబండారం తప్పక ఉండాలి. వరుసలో నిలబడినప్పుడు మధ్యలో తిన్నందుకు స్వామి ఆగ్రహించడు.

తిన్నది కండగా మారాలంటే కదలిక కావాలి. ప్రదక్షిణలు చక్కని నడక. రోజూ కొన్ని చేసి, వారానికి రెండు మూడు పెంచుకోవచ్చు. అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బినవని చెప్పించుకున్నవారు బరువులెత్తరాదు. మద్యం ఒక్క చుక్క కూడ తగదు. పసరు మందులు, పేరు తెలియని కషాయాలు మాని ఏమి వాడుతున్నారో వైద్యునికి చెప్పాలి. మనం అమృతవల్లి అని పిలుచుకునే తిప్పతీగ వలన కొందరికి కాలేయం దెబ్బతిన్న ఉదంతాలను ముంబై వైద్యులు 2021లో ప్రకటించారు. ఈ మాట వ్రాయడం నాకు కష్టంగానే ఉన్నది, కాని వ్రాయక తప్పదు.

రక్తపు వాంతి, నల్లని విరేచనం, మాట తడబాటు, విడవని మగత, జ్వరంతో కూడిన పొట్టనొప్పి—వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. మచిలీపట్నంలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తున్నది. మామూలుగా చూపించుకోవడానికి వెళ్లినప్పుడు రోగి నిన్న ఉదయం నుంచి రాత్రి వరకు ఏ వేళకు ఏమి తిన్నాడో ఒక కాగితం మీద వ్రాసి తీసుకువెళ్లండి. మందుల చీటీతో పాటు దానిని కూడ చూడమని వైద్యుని అడగండి.