ముత్తాత పేరు ఎవరి పుస్తకంలో ఉంది?

తద్దినం పెట్టే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాత, ఈ ముగ్గురి పేర్లూ మంత్రంలో నిలుస్తాయి. ఆపైన ఎవరని అడిగితే ఉత్తరాంధ్రలో చాలా కుటుంబాల్లో మాట ఆగిపోతుంది. రాజుల వంశాలు శాసనాలకెక్కాయి, జమీందార్లవి దివాణం కాగితాల్లో ఉన్నాయి. కూలికి పోయినవాడికీ, వల వేసినవాడికీ, అరెకరం మడి దున్నినవాడికీ కాగితం ఎక్కడిది అనుకుంటాం. చాలాసార్లు ఉంటుంది. కాకపోతే మనిషి గొప్పదనాన్ని బట్టి ఉండదు, అతని సంగతి రాసి పెట్టుకోవాల్సిన అవసరం ఎవరికి పడిందన్న దాన్ని బట్టి ఉంటుంది. విశాఖపట్నం చుట్టుపక్కల పూర్వీకుల జాడ వెతికేవాళ్లు ముందుగా అడగాల్సింది ఆ ప్రశ్నే.

సముద్రం దాటినవాళ్ల కాగితాలు చూస్తే ఈ మాట బాగా తెలుస్తుంది. మద్రాసు నుంచి 342 మందితో బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా ఒప్పంద కూలీలుగా నేటాల్ వెళ్లిన భారతీయులు 1,52,184 మంది. అందులో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవులో ఎక్కినవాళ్లే, వాళ్లలో విశాఖ, గంజాం జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. ఓడ జాబితాలో ఒక్కో మనిషికి ఒక్కో వరస. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, చివర ఒంటి మీద గుర్తులు. మోకాలి మీద కాలిన మచ్చ, చెంప మీద పుట్టుమచ్చ, చేతి మీద పచ్చబొట్టు, ఇలా కన్నతల్లికి తెలిసినంత వివరంగా ఒక గుమాస్తా రాశాడు. ప్రేమతో రాయలేదు, చెరకు తోటలోంచి పారిపోతే పట్టుకోవడానికి రాశాడు. ఏ పని కోసం రాసినా, వందేళ్లు దాటాక మునిమనవడికి మిగిలిన ఆనవాలు అదొక్కటే. 1879 నుంచి 1916 వరకు ఫిజీకి వెళ్లిన 60,965 మంది పాసుల్లోనూ ఇలాంటి వివరాలే ఉంటాయి.

ఇప్పుడు ఇవే జిల్లాల నుంచి బర్మా వెళ్లినవాళ్లను చూడండి. విశాఖ, భీమిలి, కళింగపట్నం, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కి రంగూన్ పోయినవాళ్ల ముందు నేటాల్ వెళ్లినవాళ్ల సంఖ్య ఏపాటిది? 'రంగం పోయాడు' అన్న మాట మన పల్లెల్లో పుట్టింది అందుకే. అయినా వాళ్లలో చాలామందికి పేరున్న కాగితం లేదు. 1937 దాకా బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి అక్కడికి వెళ్లడం వలస లెక్కలోకి రాలేదు. టికెట్టు కొన్నవాడు ఓడెక్కాడు, దిగాడు, అంతే. ఒకే ఇంట్లో అన్నదమ్ములిద్దరు పోతే, డర్బన్ వెళ్లినవాడి పుట్టుమచ్చ దొరుకుతుంది, రంగూన్ వెళ్లినవాడి పేరు కూడా దొరకదు. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ల గుర్తుగా విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేరు నిలిచింది గానీ, మొదట ఓడెక్కిన తాతల జాబితా నిలవలేదు.

ఊళ్లోనే ఉండిపోయిన రైతు సంగతి? ఇక్కడ విశాఖ జిల్లాకు ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. 1802 శాశ్వత శిస్తు నిర్ణయంతో మైదాన ప్రాంతం చాలావరకు విజయనగరం వంటి జమీందారీల కిందికి వెళ్లింది. సర్కారుకు జమీందారు కట్టే పేష్కషు చాలు, రైతు పేరుతో పని లేదు. సర్కారు నేరుగా చూసుకున్న గొలుగొండ, సర్వసిద్ధి, పాలకొండ తాలూకాల్లోనైతే సెటిల్‌మెంటు రిజిస్టర్లలో పట్టాదారు పేరు కనిపిస్తుంది. తక్కిన చోట్ల 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన సర్వే దాకా ఆగాలి. మధ్యలో దొరికే ఆసరా ఈనాం ఫెయిర్ రిజిస్టరు. 1860ల్లో ఈనాం కమిషన్ ఆ భూమి మొదట ఎవరికి ఇచ్చారో, అప్పుడు ఎవరు అనుభవిస్తున్నారో, వాళ్లకూ వీళ్లకూ చుట్టరికం ఏమిటో అడిగి రాయించింది. చిన్న ఈనాం చెక్క ఉన్న కుటుంబానికి అది రెండు మూడు తరాల వంశవృక్షం.

ఇంకో ఆధారం చర్చి రిజిస్టర్లు. అవి క్రైస్తవులకే పనికొస్తాయని ఒక అభ్యంతరం ఉంది. పూర్తిగా నిజం కాదు. లండన్ మిషన్ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో విశాఖ వచ్చారు. ఫ్రాన్సులోని అన్సీ నుంచి కతోలిక గురువులు 1846లో వచ్చారు. బాప్తిస్మం పుస్తకంలో బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. చాలా చోట్ల తండ్రి వృత్తి, నివాసం, జ్ఞానతల్లిదండ్రుల పేర్లు కూడా రాస్తారు. పెద్దయ్యాక మతం మారిన మనిషి దగ్గర రాసిన తండ్రి పేరు హిందువుదే కదా. ఆ పేరు అన్నదమ్ముల పిల్లలందరికీ ఉమ్మడి ఆస్తి. కతోలిక పుస్తకాల్లో పేర్లు లాటిన్‌లోకి మారతాయని మాత్రం గుర్తుంచుకోవాలి. యోసేపు అక్కడ యోసెఫస్ అవుతాడు.

పాత పత్రికల్లో మామూలు మనిషి కనిపించడని ఇంకొందరంటారు. మొదటి పేజీలో కనిపించడు. కోర్టు నోటీసుల్లో, జిల్లా గెజిట్ వేలం ప్రకటనల్లో కనిపిస్తాడు, అదీ బాకీ పడ్డప్పుడో దావాలో ఇరుక్కున్నప్పుడో. కానీ పత్రికల అసలు ప్రయోజనం ఇంకొకటి ఉందని నా నమ్మకం. మన పెద్దవాళ్లు తేదీలు చెప్పరు, సంఘటనలు చెబుతారు. 'బాంబులు పడ్డప్పుడు మీ నాన్న పాకుతున్నాడు' అంటే, జపాను విమానాలు విశాఖ మీదికొచ్చిన 1942 ఏప్రిల్ 6కు ఆయన ఏడాది లోపు పిల్లవాడు. 'రేవులోకి మొదటి ఓడ వచ్చిన ఏడు పెళ్లయింది' అంటే 1933, ఆ అక్టోబరు 7న జలదుర్గ వచ్చింది. తుఫాను పేరు చెప్పినా, కరువు పేరు చెప్పినా పత్రిక దానికి నెలా తేదీ ఇస్తుంది. అవ్వ జ్ఞాపకాన్ని కొట్టిపారేయకుండా కాగితంతో ముడివేసే పని అది. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక వంటి పాత సంచికలను ప్రెస్ అకాడమీ డిజిటల్ రూపంలోకి తేవడంతో ఈ పని చాలా తేలికైంది.

ఇక గట్టి అభ్యంతరం ఒకటుంది. ఇవన్నీ దొరల రాతలు, తప్పుల తడకలు, వీటిని నమ్మడమెలా అని. తప్పులున్న మాట నిజమే. మద్రాసు గుమాస్తా చెవికి అప్పలస్వామి, అప్పడు, అప్పన్న ఒకేలా వినిపించి ఉంటాయి. మనకు అన్నిటికంటే గట్టి ఆనవాలైన ఇంటిపేరును చాలాసార్లు అడగనే లేదు. కులం గడిలో కావాలని మార్చి చెప్పినవాళ్లూ ఉన్నారు. అందుకే పేరు పట్టుకుని వెతకొద్దు, ఊరూ తండ్రి పేరూ కలిపి పట్టుకోవాలి. ఊరిలోనూ మెలిక ఉంది. శ్రీకాకుళం అప్పటి రాతల్లో 'చికాకోల్', 1936 దాకా గంజాం జిల్లాలోది, తర్వాత విశాఖ జిల్లాలోది, 1950లో తానే జిల్లా అయింది. ఎలమంచిలి వైపు ఊళ్లు సర్వసిద్ధి తాలూకా కింద ఉంటాయి. ఈ మార్పులు తెలియక సొంత ఊరిని చేతిలో పెట్టుకుని కూడా దొరకలేదనుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఇక కూలీ చరిత్ర తవ్వితే పరువు పోతుందనేవాళ్లకు చెప్పేదొకటే. ఐదేళ్ల ఒప్పందం కింద చెరకు నరికి పిల్లల్ని పెంచుకున్న మనిషిని మరుగున పెట్టడంలో పరువేముంది?

ఆ ఓడ జాబితాలో విశాఖపట్నం తాలూకా అని రాసి, పక్కనున్న ఊరు ఇవాళ మ్యాపులో లేకపోతే వెతుకులాట అక్కడితో ఆగదు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఉక్కు కర్మాగారం కోసం ఎన్నో ఊళ్లు ఖాళీ అయ్యాయి. భూసేకరణ అవార్డులో మాత్రం అవి ఇంకా ఉన్నాయి. సర్వే నంబరు వారీగా పట్టాదారు పేరు, విస్తీర్ణం, పరిహారం కోసం లెక్కగట్టిన బావులు, చెట్లు. ఇక్కడ ఇంటిపేరు కూడా ఉంటుంది, ఓడ జాబితా ఇవ్వనిది అదే. ఆ ఇంటిపేరు పట్టుకుని గాజువాక, అగనంపూడి, వడ్లపూడి వైపు నిర్వాసిత కాలనీల్లో అడగాలి. ఏ ఊరు మీది అంటే పెద్దవాళ్లు కాలనీ పేరు చెప్పరు, ప్లాంటు గోడ లోపలికి పోయిన ఊరి పేరే చెబుతారు.